లినక్స్: ఎంపికకు చెల్లించు వెల

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సంస్థ ఇచ్చుచుండిన సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14వ తేదీతో ముగిసినది. విండోస్ 11 కోరు భద్రతా చిప్పు మొదలైనవి లేని పాత కంప్యూటర్లు, చక్కగా పనిచేయుచున్నను, సంస్థ నిబంధనల ప్రకారము కొత్త కూర్పునకు అర్హములు కావు. అట్టి యంత్రములు గలవారిలో కొందరి చూపు లినక్స్ వైపు మరలుట సహజము. కాని అక్కడ అడుగిడగనే ఉబుంటు, మింట్, ఫెడోరా, డెబియన్ అని పేర్ల బారు ఎదురగును.

ఈ వైవిధ్యమును కొందరు లినక్స్ ఘనతగా కీర్తింతురు. మరికొందరు అరాచకమని ఈసడింతురు. రెండును తొందరపాటు తీర్పులే. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన కెర్నెల్, అనగా యంత్రభాగములను నడుపు మూలభాగము, వీటన్నిటికిని ఆధారము. దానిపై కూర్చిన ప్రోగ్రాముల పొందికయే "డిస్ట్రో". పేర్లు ఎన్ని ఉన్నను, కొత్తవారికి తేడాగా తెలియునవి కొద్దియే: తెరపై కనిపించు డెస్క్‌టాప్ తీరు, ప్రోగ్రాములను చేర్చుకొను పద్ధతి, కొత్త కూర్పులు వచ్చు వేగము.

మరి ఇన్ని ఎందుకు పుట్టినవి? 2011లో గ్నోమ్ అను డెస్క్‌టాప్ మూడవ కూర్పు తన రూపమును పూర్తిగా మార్చుకొన్నది. పాత తీరు కోరినవారు దాని మూలమునే తీసికొని "మాతే" అను పేర కొనసాగించిరి. మింట్ వారు "సినమన్" నిర్మించిరి. 2012లో విండోస్ 8 స్టార్టు బటనును తొలగించినది. 2013లో 8.1తో బటను మాత్రము తిరిగివచ్చినది. మెనూ కొరకు 2015లో విండోస్ 10 వచ్చువరకు వేచియుండవలసి వచ్చెను.

కనుక ఈ సమృద్ధి అసమ్మతి తెలుపు హక్కునకు ఫలము. లోపము దానిలో లేదు. కొత్తవారికి దానిని అందించు తీరులో ఉన్నది. "నచ్చినది ఎన్నుకొనుము" అను మాట, ఏదియు వాడి చూడనివారికి సలహా కాజాలదు. పైగా ఒక డిస్ట్రోకు వ్రాసిన సూచన వేరొకదానికి పొసగకపోవచ్చును: ఉబుంటు, మింట్‌లలో ప్రోగ్రాములు డెబ్ రూపమున, ఫెడోరాలో ఆర్‌పీఎం రూపమున వచ్చును. ఈ కష్టమును అభిమానులు తక్కువచేసి చెప్పుట తగదు.

పేరుకంటె ముందు పనిని చూచుట మేలు. ప్రింటరు, తెలుగు టైపింగు, నిత్యము వాడు ప్రోగ్రాములు నడచునా యని పరీక్షింపవలెను. తెలుగు అచ్చుపనిలో వాడుక పొందిన పేజ్‌మేకరునకు లినక్స్ కూర్పు లేదు. దానిపై ఆధారపడినవారు ముందే ఆలోచింపవలెను. పెక్కు డిస్ట్రోలను హార్డుడిస్కును ముట్టకుండ పెన్‌డ్రైవు నుండియే నడిపి చూడవచ్చును. పని సాగినచో మిగిలిన పేర్లను తూచనక్కరలేదు. ఎంపిక స్వేచ్ఛ అన్నిటిని రుచి చూచుటకు కాదు. వాడుచున్నది పనికిరానపుడు వేరొకదానికి మరలుటకు.