నాడుల ఉద్రేకానికి కాల్షియం పగ్గం

చేతులు, కాళ్లు తిమ్మిరెక్కితే “నరాల బలహీనత, కాల్షియం తక్కువ” అని అనుకోవడం అమలాపురం, రాజోలు ప్రాంతాలలోనూ వినవచ్చే మాటే. ఈ మాటలో కొంత నిజమున్నది. కాని కారణం తలక్రిందులైనది. రక్తంలో కాల్షియం అయాన్లు బాగా తగ్గినప్పుడు వ్రేళ్లలో, పెదవుల చుట్టూ తిమ్మిరి కలగడం నిజమే. అయితే అది నాడుల నీరసం కాదు, అతి ఉద్రేకం. తాకిడి లేకుండానే జ్ఞాననాడులు మెదడుకు వార్తలు పంపుతాయి.

ఎందువలన? నాడి పొరలోని సోడియం ద్వారాలు ఆ పొర విద్యుత్ భేదాన్ని బట్టి తెరచుకుంటాయి. కాల్షియం ఆ ద్వారాలకు బిరడా వంటిదని చెప్పడం కద్దు. ఈ పోలిక చాలదు. 1957లో ఫ్రాంకెన్‌హాయిజర్, హాడ్జ్‌కిన్‌లు స్క్విడ్ అనే సముద్రజీవి నాడిపై పరిశోధించారు. వెలుపలి కాల్షియాన్ని అయిదోవంతుకు తగ్గిస్తే, విద్యుత్ భేదాన్ని 10–15 మిల్లీవోల్టులు తగ్గించినంత ఫలితం కనబడింది. ఈ ద్వారాన్ని నీటిమట్టాన్ని బట్టి తెరచుకునే కాలువ తలుపు అనుకుంటే, కాల్షియం తలుపుకు అడ్డుపెట్టిన బండ కాదు. ఏ మట్టం వద్ద తెరచుకోవాలో ఆ గుర్తును మార్చేది.

ఈ వివరణకూ హద్దులున్నవి. స్క్విడ్‌లోని ఆ నాడి కండరాన్ని కదిలించేది, జ్ఞాననాడి కాదు. 2010లో ఎలుక మెదడు కణాలలో, వెలుపలి కాల్షియం తగ్గినప్పుడు వేరొక సోడియం మార్గం కూడా చురుకవుతుందని తేలింది. కనుక ఒకే సూత్రంతో సరిపెట్టరాదు. “కాల్షియం నాడులను ప్రేరేపిస్తుంది” అనే వాక్యం మరొక చిక్కు. నాడి కొనలోనికి ప్రవేశించిన కాల్షియం రసాయన వార్తాహరులను విడుదల చేయిస్తుంది. లోపల ప్రేరకం, వెలుపల పగ్గం: ఈ రెండు పనులనూ కలిపివేయడమే పొరపాటు.

ఇది మాటల తగవు మాత్రమే కాదు. రక్తంలోని కాల్షియంలో సుమారు సగమే స్వేచ్ఛగా అయాన్ల రూపంలో ఉంటుంది. ఆందోళనతో గబగబా ఊపిరి పీల్చితే రక్తంలో క్షారగుణం పెరిగి, ప్రోటీన్లు మరికొన్ని అయాన్లను పట్టుకుంటాయి. మొత్తం కాల్షియం తగ్గకుండానే తిమ్మిరి వస్తుంది. మధుమేహం, బి12 విటమిన్ లోపం, నాడిపై ఒత్తిడి కూడా తిమ్మిరికి కారణాలే. ప్రతి తిమ్మిరికీ కాల్షియం బిళ్ల మ్రింగితే అసలు వ్యాధి చాటున పెరుగుతుంది. బిళ్లకన్న ముందు కావలసినది పరీక్ష.