ఉండ విప్పితే వేట తెలుస్తుంది

తాండూరు చుట్టుపక్కల పాడుబడ్డ నాపరాయి ఇళ్ల గోడల కింద నేను వెతికేది నల్లటి ఉండల కోసం. చావుపిట్ట అని జనం తిట్టుకునే తెల్ల గుడ్లగూబ ఎలుకను సాంతం మింగి, అరగని ఎముకలనూ బొచ్చునూ బొటనవేలంత ఉండగా కక్కేస్తుంది. దాన్ని గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి సూదితో విప్పడం నాకెంతో ఇష్టమైన పని. తడి బొచ్చు తొలగేకొద్దీ సన్నటి పక్కటెముకలు, వాటి వెనక పుర్రె బయటపడతాయి. ముందుపళ్లు నారింజ రంగులో ఉండి, వాటికీ దవడపళ్లకూ నడుమ ఖాళీ ఉంటే ఎలుక. సందు లేకుండా తెల్లటి మొనదేలిన పళ్లుంటే చుంచు.

చీకట్లో గుడ్లగూబకు ఎలుకను పట్టిచ్చేది చెవి. ఎడమ చెవి రంధ్రం కాస్త పైన, కుడిది కాస్త కింద ఉంటాయి. చప్పుడు ఏ చెవికి ముందు చేరిందో దాన్నిబట్టి పక్క, ఏ చెవిలో గట్టిగా వినిపించిందో దాన్నిబట్టి ఎత్తూ పల్లం తెలుస్తాయి. అమెరికాలో జీవశాస్త్రవేత్త రోజర్ పేన్ కటిక చీకటి గదిలో ఆకులు పరిచి పరీక్షించాడు. ఎలుకకు బదులు కాగితం ముద్దను ఆకుల్లో లాగినా గుడ్లగూబ గురి తప్పకుండా దాని మీదే దూకింది. ఇక ఎలుకకు దీని రాక వినపడదు. రెక్క ముందంచున దువ్వెన పళ్లలాంటి కుచ్చు గాలి చప్పుడును చంపేస్తుంది.

"ఇంటిమీద అరిస్తే కీడు సారూ" అందొక పెద్దమ్మ. విప్పిన ఉండ ఆమె ముందు పెట్టాను. పుర్రెలు లెక్కపెట్టుకుని, "గిన్ని ఎల్కలు ఒక్కటే తిన్నదా?" అని ముక్కున వేలేసుకుంది. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కందిని బస్తాల్లో కొరికేది ఈ ఎలుకలేగా!

నాకు భయమల్లా ఎలుకల మందు గురించే. బ్రోమాడయోలోన్ తిన్న ఎలుక వెంటనే చావదు, రోజుల తరబడి నీరసంగా తిరుగుతుంది. అలాంటిది గుడ్లగూబకు ఇట్టే దొరుకుతుంది, విషం దాని ఒంట్లోకీ చేరుతుంది. ఆడపక్షి పొదిగేటప్పుడు దాని తిండి కూడా మగపక్షే తెచ్చిపెట్టాలి. ఒక్క మగపక్షి చచ్చినా గూడంతా పస్తే. వికారాబాద్ రైతులను నేను కోరేది ఒకటే: మందు పెట్టక తప్పకపోతే బొరియ లోపలే పెట్టి మూసెయ్యండి, చచ్చిన ఎలుకలను గట్టు మీద పారెయ్యకుండా లోతుగా పాతిపెట్టండి.