థ్రిల్లర్ ట్రైలర్‌లో శంక, త్రాసం: ఇంగ్లండు విద్యార్థుల కృతులపై ఒక పరిశీలన

ఇంగ్లండులో ఇంటర్మీడియట్ స్థాయికి సరిపోయే ఏ-లెవెల్ చదువులో మీడియా స్టడీస్ ఒక పాఠ్యవిషయం. 2017లో కొత్త పాఠ్యప్రణాళిక బోధన మొదలయ్యే వరకు ఓసీఆర్ అనే పరీక్షాసంస్థ రెండో ఏడాది విద్యార్థులకు ఇచ్చిన ప్రాజెక్టుల్లో ఒకటి, ఒక కొత్త సినిమాకు టీజర్ ట్రైలర్ తయారుచేయడం. దానికి తోడు పోస్టరు, సినిమా పత్రిక ముఖచిత్రం వంటి అనుబంధాలు కూడా ఉండేవి. ఆ తరువాత తమ కృతి ఆ రంగంలోని సంప్రదాయాలను ఎలా వినియోగించుకుంది, ఎలా అభివృద్ధి చేసింది, ఎక్కడ ప్రశ్నించింది అన్నది విద్యార్థులే విశ్లేషించి చెప్పాలి. వీరిలో చాలామంది ఎంచుకున్నవి థ్రిల్లర్, హారర్ ప్రక్రియలు. ఈ అభ్యాసంలో ఒక వింత ఉంది. ట్రైలర్ ఉంటుంది, పోస్టరు ఉంటుంది, సినిమా మాత్రం ఉండదు. ఈ లేమి ప్రక్రియా సంప్రదాయాలను ఏం చేస్తుందన్నదే ఈ వ్యాస విషయం.

ఆ ట్రైలర్లను వరుసగా చూస్తే కొన్ని అంశాలు మళ్లీ మళ్లీ ఎదురవుతాయి. మొదట అనుమతి తెలిపే ఆకుపచ్చ పలక, తరువాత కల్పిత నిర్మాణసంస్థ చిహ్నం, ఆపైన ప్రశాంతమైన ఇల్లో బడో. నల్లటి తెరపై తెల్లటి అక్షరాల్లో ముక్కలైన వాక్యం. ముఖం కనబడకుండా టోపీ కప్పుకున్న ఆకారం, చెట్ల మధ్య పరుగెత్తే అమ్మాయి, గుండెచప్పుడు, క్రమంగా కురచనయ్యే షాట్లు. పేరు పడి అంతా ముగిసిందనుకున్నాక ఒక్క కుదుపు. వీటిని అనుకరణగా కొట్టివేయడం తేలిక. కానీ చకోరం వెన్నెల తాగుతుందని, కీర్తి తెల్లగా ఉంటుందని చెప్పిన కవిని ఎవరూ అనుకర్త అనలేదు. కవిసమయం నిజం కానక్కరలేదు, కవికీ పాఠకునికీ మధ్య ఒప్పందమైతే చాలు. టోపీ కప్పుకున్న ఆకారం కూడా అలాంటి సమయమే. ఎవరూ ధ్రువీకరించని చిత్రానికి ధ్రువీకరణ పలక పెట్టడం ఇంకా ఆసక్తికరం. అది చూపరికి సమాచారమివ్వదు. ఇది ట్రైలరని నమ్మమని అడుగుతుంది, అంతే. నాటకానికి నాంది చేసే పనికి ఇది చాలా దగ్గర.

సంప్రదాయ వినియోగం వరకు ఈ కృతులు సాధారణంగా నెగ్గుతాయి. చిక్కు అభివృద్ధి దగ్గర వస్తుంది. నాట్యశాస్త్రం చెప్పిన ముప్పైమూడు వ్యభిచారిభావాల్లో శంక, త్రాసం వేర్వేరు. శంక సందేహాత్మకం. చౌర్యం, రాజాపరాధం, పాపకర్మ వంటివి దానికి విభావాలు. త్రాసం మెరుపు, పిడుగు, ఉల్కాపాతం వంటి ఆకస్మిక ఘటనల నుంచి పుడుతుంది. థ్రిల్లర్‌కు ఆధారం శంక. హారర్ త్రాసాన్ని ఎక్కువగా ఆశ్రయిస్తుంది. విద్యార్థుల ట్రైలర్లు శంకతో బయలుదేరి త్రాసంలో ముగుస్తాయి. కారణం సామర్థ్యలోపం అనుకోనక్కరలేదు. ముఖ, ప్రతిముఖ సంధులను చూపి గర్భసంధి దగ్గర తుంచివేయడం ట్రైలర్ స్వభావం. మామూలు ట్రైలర్‌కు నిర్వహణ సంధి థియేటరులో దొరుకుతుంది. ఇక్కడ అది ఎక్కడా లేదు. లేని నిర్వహణకు బదులుగా చివరి కుదుపు వచ్చి కూర్చుంటుంది. చూపరి ఉలిక్కిపడతాడు, ఏదో పూర్తయిందని భ్రమపడతాడు, అడుగుతున్న ప్రశ్నను మరిచిపోతాడు.

సినిమాలోని దృశ్యాలేవీ లేకుండానే శంకను నిలబెట్టిన ట్రైలర్ ఒకటి చరిత్రలో ఉంది. 1960 నాటి ‘సైకో’ కోసం ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ ఆరు నిమిషాలకు పైగా సెట్‌లో స్వయంగా తిరుగుతూ, ఇల్లు అద్దెకు చూపించే మనిషిలా మాట్లాడతాడు. మెట్ల దగ్గర జరిగినదాన్ని మొదలుపెట్టి సగంలో ఆపుతాడు. గోడమీది పటం చాలా ముఖ్యమంటాడు, ఎందుకో చెప్పబోయి మానేస్తాడు. చీకటి లేదు, పరుగు లేదు, పైగా హాస్యం ఉంది. చివరికి స్నానపుగదిలో తెర లాగితే ఒక స్త్రీ కేక. అదీ త్రాసమే. అయితే అప్పటికి పటం, బీరువా, మెట్లు అన్నీ శంకకు విభావాలుగా మారి ఉన్నాయి, ఆ కేక వాటిలో దేనికీ జవాబివ్వదు. కేక వేసిన నటి వీరా మైల్స్. సినిమాలో ఆ స్థానంలో హతురాలయ్యే పాత్ర ధరించింది జానెట్ లీ. జవాబులా కనిపించిన ముఖం కూడా జవాబు కాదన్నమాట.

దశరూపకంలో ధనంజయుడు శంకకు రెండు మూలాలు చూపాడు. ఒకటి పరుల క్రౌర్యం, రెండోది తన దుర్నయం. విద్యార్థుల ట్రైలర్లు దాదాపుగా మొదటిదాన్నే పట్టుకున్నాయి. ఎవరో వెంటాడుతున్నారు, ఎవరో తలుపు తడుతున్నారు, భయపడేది సాధారణంగా ఒంటరి అమ్మాయి. ఈ అమ్మాయి తరచుగా పేరు కూడా లేకుండా, పరుగెత్తడానికే తెరపైకి వస్తుంది. సంప్రదాయాన్ని ప్రశ్నించామని చెప్పుకునే సందర్భాల్లో కూడా సాధారణంగా జరిగేది వెంటాడే మనిషి స్థానంలో అమ్మాయిని పెట్టడం. పాత్రలు తారుమారవుతాయి, శంక మూలం మారదు.

రెండో మూలం థ్రిల్లర్‌కు కొత్తది కాదు. ‘సైకో’ మొదటి భాగమంతా నలభైవేల డాలర్లు దొంగిలించిన మేరియన్ శంకే. రోడ్డుపై పోలీసు చూపు కూడా ఆమెకు నేరారోపణే. తెలుగు ప్రేక్షకులకు 2014 నాటి ‘దృశ్యం’ ఇదే మార్గంలో పరిచయం. అక్కడ హంతకులెవరో చూపరికి ముందే తెలుసు, శంకంతా ఆ ఇంటివాళ్లది. ఈ మార్గానికి అడవి, ముసుగు, నకిలీ రక్తం అవసరం లేదు. హాజరు పిలుస్తుండగా ఖాళీగా ఉన్న ఒక కుర్చీ, దానివైపు చూడకుండా తల దించుకున్న తోటి విద్యార్థి ముఖం సరిపోతాయి. డబ్బులేని విద్యార్థి బృందానికి ఇది అందుబాటులో ఉన్న సామగ్రి, వాళ్లు రోజూ కూర్చునే గదే. ఖర్చు తగ్గినా నటనపై భారం పెరుగుతుంది. పరుగెత్తే కాళ్లను చిత్రీకరించడం కంటే దాస్తున్న ముఖాన్ని చిత్రీకరించడం కష్టం. రెండు నిమిషాల లోపు ముగియాల్సిన కృతిలో అలాంటి ముఖం మీద కెమెరాను పది సెకన్లు నిలపడానికి సాహసం కావాలి. కురచ షాట్లే ఉత్కంఠకు గుర్తని నేర్చుకున్న విద్యార్థికి ఆ పది సెకన్లు లోపంగానే కనిపిస్తాయి.