వాడుక వస్తువు – ప్రదర్శన వస్తువు: వైమార్ బౌహౌస్ మ్యూజియం, ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం: నిత్యజీవితంలో వాడుకోవడానికి రూపొందిన వస్తువు మ్యూజియంలో చేరినప్పుడు దాని అర్థం ఎలా మారుతుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. మ్యూజియం వస్తువును వాడుక నుంచి వేరుచేస్తుందన్న విమర్శ బౌహౌస్ విషయంలో పాక్షికంగానే సరైనదని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: బౌహౌస్, వైమార్, మ్యూజియం, రూపకల్పన, వినియోగం.

1. ఉపోద్ఘాతం

కళకూ చేతివృత్తులకూ మధ్య ఉన్న అంతరాన్ని తొలగించాలన్న లక్ష్యంతో వాల్టర్ గ్రోపియస్ 1919లో జర్మనీలోని వైమార్‌లో బౌహౌస్ విద్యాలయాన్ని స్థాపించాడు. అది 1925లో డెసౌకు, 1932లో బెర్లిన్‌కు తరలి, నాజీల ఒత్తిడి వల్ల 1933లో మూతపడింది. శతజయంతి సంవత్సరమైన 2019లో, హైకె హనాడా రూపకల్పన చేసిన కొత్త మ్యూజియం భవనం వైమార్‌లో ప్రారంభమైంది. అయితే ఆ సేకరణ మూలాలు 1925 నాటివి. వైమార్‌ను విడిచే సమయంలో గ్రోపియస్ 168 వస్తువులను ఎంపికచేసి అక్కడి ప్రభుత్వ కళాసేకరణకు అప్పగించాడు. అంటే ఈ వస్తువులకు మ్యూజియం గౌరవాన్ని తొలుత కల్పించింది తర్వాతి తరాలవారు కాదు, స్థాపకుడే.

2. ప్రదర్శనలోని దీపం

విల్‌హెల్మ్ వాగెన్‌ఫెల్డ్, కార్ల్ యాకోబ్ యుకర్‌ల పేర్లతో ప్రసిద్ధమైన 1924 నాటి టేబుల్ ల్యాంపు, పీటర్ కెలర్ 1922లో రూపొందించిన ఉయ్యాల ఈ సేకరణలో ముఖ్యమైనవి. మ్యూజియంలో ఉయ్యాల ఊగదు. దీపం ఎవరి చదువుకూ వెలుగునివ్వదు. చూడగానే ఇది వినియోగానికి జరిగిన అన్యాయంగా తోస్తుంది. కానీ చరిత్ర మరో సంగతి చెబుతుంది. 1924లో లైప్‌జిగ్ వాణిజ్య ప్రదర్శనలో ఈ దీపాలను చూసి వ్యాపారులు నవ్వారని వాగెన్‌ఫెల్డ్ తర్వాత గుర్తుచేసుకున్నాడు. యంత్రం చేసిన చవక సరుకులా కనిపించే ఆ వస్తువులు నిజానికి ఖరీదైన చేతిపనులు. సామాన్యుల ఇళ్లకు చేరని వస్తువును సామాన్యుల నుంచి దూరం చేసిందని మ్యూజియాన్ని నిందించడం పూర్తిగా న్యాయం కాదు.

3. నమూనా గృహం

అదే నగరంలో, గేయోర్గ్ మూకె రూపకల్పనతో 1923లో నిర్మించిన 'హౌస్ ఆమ్ హార్న్' ఉంది. అక్కడి వంటగదినీ పిల్లల గదినీ చూసినప్పుడు వస్తువుకూ నివాసానికీ ఉన్న సంబంధం స్పష్టమవుతుంది. విడి వస్తువుల ప్రదర్శన ఇవ్వలేని అవగాహన ఇది. అయితే ఆ ఇల్లు కూడా 1923 బౌహౌస్ ప్రదర్శన కోసం కట్టినదే. జీవితానికి దగ్గరగా తోచే చోటు సైతం మొదట ప్రదర్శనే కావడం గమనార్హం.

4. గోడమీది విజయం

హానెస్ మాయర్ 1928 నుంచి 1930 వరకు డైరెక్టరుగా ఉన్నాడు. విలాసం కన్నా ప్రజావసరమే ముఖ్యమన్నది ఆయన దృక్పథం. ఆ కాలంలో, 1929లో, రాష్ కంపెనీతో కుదిరిన ఒప్పందం వల్ల వచ్చిన వాల్‌పేపర్లు బౌహౌస్ ఉత్పత్తుల్లో వ్యాపారపరంగా అత్యంత విజయవంతమయ్యాయి. అవి రూపకర్తల విడి పేర్లతో కాక విద్యాలయం పేరుతోనే అమ్ముడయ్యాయి. గోడకు అతికి, వెలిసి, చివరకు చిరిగిపోయే ఈ కాగితం బౌహౌస్ ఆశయాన్ని నెరవేర్చింది. కానీ బౌహౌస్ అనగానే గుర్తొచ్చేది అది కాదు, దీపమే.

5. ఉపసంహారం

సంఖ్యలో తక్కువగా, రూపంలో విశిష్టంగా, కర్త పేరుతో నిలిచిన వస్తువు మ్యూజియంలో సులభంగా ఒదుగుతుంది. విస్తృతంగా వాడి పారేసిన వస్తువు ఒదగదు. అందువల్ల వాడుకను ఆదర్శంగా ప్రకటించిన ఉద్యమాన్ని, వాడుకకు తక్కువగా నోచుకున్న వస్తువుల ద్వారా గుర్తుంచుకోవడం జరుగుతోంది. ఒక వస్తువును ఎవరు చేశారన్న వివరంతో పాటు ఎన్ని చేశారు, ఎంతకు అమ్మారు, ఎవరు కొన్నారు అన్న ప్రశ్నలకూ దాని పక్కనే సమాన స్థానం లభించాలి. అప్పుడే మ్యూజియం బౌహౌస్ రూపసౌందర్యంతో పాటు అది నిలబెట్టుకోలేకపోయిన మాటను కూడా చూపగలుగుతుంది.