క్రాఫ్టన్ పనితనం

సర్ జాన్ క్రాఫ్టన్ కొత్త మందేదీ కనిపెట్టలేదు. క్షయకు అప్పటికే ఉన్న మూడు మందులను ఎలా వాడాలో తేల్చారు. నా దృష్టిలో ఆయన స్థానం ఆ మందులు కనిపెట్టినవారి సరసనే.

డబ్లిన్‌లో 1912లో పుట్టిన ఈ ఊపిరితిత్తుల వైద్యుడు, లండన్ బ్రాంప్టన్ ఆసుపత్రిలో ఉండగా క్షయ మీద స్ట్రెప్టోమైసిన్ అనే మందు పరీక్షలో పాలుపంచుకున్నారు. ఆ ఫలితాలు 1948లో వెలువడ్డాయి. మందు ఇచ్చిన 55 మందిలో ఆరు నెలల్లో చనిపోయినవారు నలుగురు. మందు ఇవ్వని 52 మందిలో 14 మంది. అయితే ఆ సంతోషం నిలవలేదు. కోలుకున్నవాళ్లలో చాలామందికి జబ్బు తిరగబెట్టింది, ఈసారి మందుకు లొంగలేదు. పత్తిచేనుకు ఒకటే పురుగుమందు కొడుతూ పోతే దాన్ని తట్టుకున్న పురుగే మిగిలి పెరిగినట్టు, ఊపిరితిత్తుల్లోనూ మొండి క్రిములే మిగిలాయి.

1952లో ఆయన ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్‌గా చేరేనాటికి అక్కడ వందలమంది క్షయ రోగులు ఆసుపత్రి మంచం కోసం ఎదురుచూస్తున్నారు. క్రాఫ్టన్ బృందం స్ట్రెప్టోమైసిన్, పాస్, ఐసోనియాజిడ్ మందులు మూడింటినీ మొదటి రోజు నుంచే కలిపి ఇచ్చింది. ఒక మందును తట్టుకున్న క్రిమిని మరొకటి చంపుతుంది. చెప్పుకోవడానికి ఇంతే. అసలు పనితనం దాన్ని వదలకుండా నడపడంలో ఉంది. ఏ రోగి క్రిములు ఏ మందుకు లొంగుతాయో కళ్లె పరీక్షలో పట్టిపట్టి చూడాలి. రోగికి ఒళ్లు తేలికపడినా, ఎక్స్‌రే బాగున్నా, ఏడాదిన్నర దాకా మందు ఆపకూడదు. అందరికీ పూర్తిగా నయం చేయడమే లక్ష్యమని ఆయన ప్రకటిస్తే తోటి వైద్యులు నమ్మలేదు. పలు దేశాల్లో అదే పద్ధతిని పరీక్షించి చూశాకే ఒప్పుకున్నారు. ఎడిన్‌బరోలో మాత్రం కొన్నేళ్లలోనే కొత్త కేసులు సగానికి పైగా పడిపోయాయి.

1977లో ఉద్యోగ విరమణ చేశాక కూడా బోధన మానలేదు. నార్మన్ హార్న్, ఫ్రెడ్ మిల్లర్‌లతో కలిసి 1992లో ‘క్లినికల్ ట్యూబర్‌క్యులోసిస్’ రాశారు. అప్పటికి ఆయనకు 80 ఏళ్లు. పెద్ద ఆసుపత్రుల సదుపాయాలు లేని పేద దేశాల వైద్య సిబ్బంది కోసం, తేలిక మాటల్లో, తక్కువ ధరకు అందేలా తెచ్చిన పుస్తకమది. ఎన్నో భాషల్లోకి వెళ్లింది. ఎంతో తెలిసిన మనిషి అంత సరళంగా రాయడం నాకు ఆయన పరిశోధనంత గొప్పగా కనిపిస్తుంది. పొగాకు మీద కూడా భార్య ఐలీన్‌తో కలిసి దశాబ్దాలపాటు పోరాడారు. 2009లో, 97 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఇప్పుడు మన ఊళ్లలో టీబీకి ఇచ్చే మందులూ ఆ సూత్రం మీదే నడుస్తాయి: కొన్ని కలిపి, పూర్తికాలం. మీ ఇంట్లో ఎవరైనా వాడుతుంటే, దగ్గు తగ్గిందని మధ్యలో ఆపనివ్వకండి.