గుణకారము చాటున ద్రవ్యవేగము

ద్రవ్యవేగమును మన పాఠ్యపుస్తకములు సాధారణముగా ఒక గుణకారముతో ప్రారంభించును: ద్రవ్యరాశిని వేగముతో హెచ్చవేయగా వచ్చునది ద్రవ్యవేగము. ఆ మాట కూడ రెండు పేర్లను కలిపి కూర్చినదే. నిర్వచనములో తప్పు లేదు. కాని వంటకము రుచి చెప్పక దినుసులు మాత్రము చెప్పినట్లున్నది. గతిజశక్తి ఉండగా ఈ రాశి వేరుగా ఎందుకు? విద్యార్థికి కలుగు ఈ ప్రశ్నకు జవాబు రాకమునుపే తుపాకి, గుండు, అభ్యాసములు వచ్చిపడును.

కర్నూలు జిల్లా మద్దికెరలో విజయదశమినాడు గుఱ్ఱపు పందెములు జరుగును. ఆ ఊరి విద్యార్థికి తుపాకికంటె గుఱ్ఱమే దగ్గర. రౌతుతో కలిపి 450 కిలోగ్రాముల గుఱ్ఱము సెకండుకు 10 మీటర్ల వేగముతోను, 1,800 కిలోగ్రాముల ట్రాక్టరు సెకండుకు 2.5 మీటర్ల వేగముతోను పోవుచున్నవనుకొందము. రెండింటి ద్రవ్యవేగము ఒకటే, 4,500 కిలోగ్రాము-మీటర్లు సెకండుకు. రెండింటిని 1,500 న్యూటన్ల బలముతో నిలువరించిన, రెండును సరిగా 3 సెకండ్లలో ఆగును. కాని ఆలోపల ట్రాక్టరు 4 మీటర్లైనను పోదు. గుఱ్ఱము 15 మీటర్లు పోవును, దాని గతిజశక్తి నాలుగురెట్లు గనుక. ఒకే బలమునకు ఎంతసేపటిలో ఆగునో ద్రవ్యవేగము చెప్పును. ఎంత దూరములో ఆగునో గతిజశక్తి చెప్పును. ఈ ఒక్క లెక్క ఏ వాచకములోనైన మొదటి పుటలో ఉండదగినది.

ఈ తికమక మందబుద్ధుల సొత్తు కాదు. 1644లో డెకార్టు చలన పరిమాణము నిత్యమని చెప్పియు దిక్కును లెక్కలోనికి తీసికొనలేదు. 1669లో హైగెన్సు ప్రకటించిన అభిఘాత నియమములలో ఆ లోపము తీరినది. అయినను 1686లో లైబ్నిట్సు లేవదీసిన వివాదము, చలనమునకు ఏది సరియైన కొలత అని, దశాబ్దములు నడిచినది.

నిత్యత్వ సూత్రము బోధించుటలో లోపము మరింత పెద్దది. గుఱ్ఱము ఆగెను, దాని 4,500 ఏమైనట్లు? డెక్కల ద్వారా భూమికి చేరినది. భూమి ద్రవ్యరాశి 6 ప్రక్కన 24 సున్నలు పెట్టినన్ని కిలోగ్రాములు గనుక ఆ కదలిక ఎవరికిని కనబడదు. గుఱ్ఱము పరుగందుకొనునపుడు భూమిని వెనుకకు నెట్టినది. ఆగునపుడు ఆ బాకీ చెల్లినది. ఈ పద్దు చూపక, బాహ్యబలము లేనపుడు అను షరతును మాత్రము కంఠస్థము చేయించినచో మార్కులు వచ్చును. గుఱ్ఱము ఆగుట మాత్రము ఆ విద్యార్థికి నియమభంగముగానే తోచుచుండును.