పెరిగాయా, పెంచారా? ఇంధన పన్నులపై తెలుగు చర్చాభాష: విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం: తెలుగు సమాజంలో ఇంధన పన్నుల చర్చ ఒక భాషలోనూ, వాతావరణ మార్పు చర్చ మరొక భాషలోనూ సాగుతున్నాయి. ఈ రెండూ కలవకపోవడం వల్ల ఏ ఇంధనంపై ఎంత పన్ను పడుతోంది, ఆ సొమ్ము ఎటు పోతోంది అనే ప్రశ్నలు మరుగున పడుతున్నాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. 2010 నుంచి 2025 వరకు వేర్వేరు పేర్లతో అమలైన బొగ్గు సెస్సును ప్రధాన ఉదాహరణగా స్వీకరిస్తుంది.

కీలక పదాలు: శిలాజ ఇంధనాలు, బొగ్గు సెస్సు, ఎక్సైజ్ సుంకం, వాతావరణ మార్పు, చర్చాభాష, సింగరేణి.

1. ఉపోద్ఘాతం

తెలుగులో 'పెరుగు' అకర్మక క్రియ, 'పెంచు' సకర్మక క్రియ. ఇంధన ధరల చర్చ తరచుగా ఈ రెంటి మధ్యే సాగుతుంది. అధికారంలో ఉన్నవారు 'ధరలు పెరిగాయి' అంటారు. ప్రతిపక్షంలో ఉన్నవారు 'ధరలు పెంచారు' అంటారు. మొదటి వాక్యంలో కర్త ధర, రెండవ వాక్యంలో కర్త ప్రభుత్వం. స్థానాలు మారితే క్రియలూ మారతాయి. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రతిపక్షంగా ఉన్న తెలుగుదేశం పార్టీ 'బాదుడే బాదుడు' పేరుతో నిరసనలు చేపట్టింది. 2024 డిసెంబరులో అదే రాష్ట్రంలో వైఎస్సార్ కాంగ్రెస్ పార్టీ విద్యుత్ చార్జీలపై వీధికెక్కింది.

వాతావరణం విషయంలో ఇటువంటి వివాదం కనిపించదు. 'భూతాపం పెరుగుతోంది', 'సముద్రమట్టం పెరుగుతోంది', 'రుతువులు గతి తప్పుతున్నాయి' అనే వాక్యాలన్నీ అకర్మకాలే. తాపం దానంతట అదే పెరుగుతున్నట్టు, సుంకాన్ని మాత్రమే ఎవరో పెంచుతున్నట్టు ఈ రెండు భాషలూ కలిసి ఒక భావనను స్థిరపరిచాయి.

2. వడ్డన, వాత, బాదుడు

పన్ను పెంపును సూచించడానికి తెలుగు పత్రికలు వాడే మాటలు పాఠకులకు సుపరిచితం: వడ్డన, వాత, మోత, బాదుడు, షాక్. 'వడ్డన'లో వ్యంగ్యం ఉంది. విస్తరి ముందు కూర్చున్నవాడు వద్దన్నా వడ్డించేవాడు ఆగడు. మిగిలినవాటిలో ఎక్కువ భాగం దేహంపై పడే దెబ్బను సూచిస్తాయి.

ఈ పదజాలాన్ని అవగాహనలేమిగా కొట్టివేయడం న్యాయం కాదు. విద్యుత్ చార్జీల పెంపునకు వ్యతిరేకంగా సాగిన ఉద్యమంలో 2000 ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్ వద్ద జరిగిన పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఆ స్మృతి ఉన్న సమాజంలో 'బాదుడు' కేవలం అలంకారం కాదు. డీజిల్ ధర పెరిగితే మరబోటు నడిపే మత్స్యకారుడికీ, ఆటో డ్రైవరుకూ అదే రోజు ఆదాయం తగ్గుతుంది. దీనికి ఎదురుగా నిలిచిన అధికారిక భాష 'హేతుబద్ధీకరణ', 'సర్దుబాటు', 'ట్రూ అప్' వంటి మాటలతో మాట్లాడుతుంది. నొప్పి చెప్పుకున్నవాడికి అర్థం కాని మాటతో జవాబివ్వడం ఆ భాష లక్షణం.

అయితే నిరసన భాషకూ ఒక పరిమితి ఉంది. దెబ్బ ఎంత గట్టిగా తగిలిందో అది చెబుతుంది; ఏ ప్రాతిపదికన తగిలిందో, వసూలైన సొమ్ము ఎవరికి చేరిందో అడగదు.

3. కర్బనం లెక్కన పన్ను

2020 మే నెలలో ముడిచమురు ధర బాగా పడిపోయి ఉండగా కేంద్రం ఎక్సైజ్ సుంకాన్ని పెట్రోలుపై లీటరుకు 32.98 రూపాయలకు, డీజిల్‌పై 31.83 రూపాయలకు చేర్చింది. 2021 నవంబరు, 2022 మే తగ్గింపుల తరువాత అవి 19.90, 15.80 రూపాయలకు దిగాయి. ఇందులో అధిక భాగం సెస్సులు, ప్రత్యేక సుంకాల రూపంలో ఉంది. రాజ్యాంగంలోని 270వ అధికరణం ప్రకారం సెస్సులు, సర్‌చార్జీలు రాష్ట్రాలతో పంచుకునే పన్నుల్లోకి రావు.

లీటరు పెట్రోలు మండితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్, డీజిల్ మండితే సుమారు 2.7 కిలోలు వెలువడతాయి. 2022 మే నాటి సుంకాన్ని ఈ లెక్కన చూస్తే టన్ను కార్బన్ డయాక్సైడ్‌కు పెట్రోలుపై ఎనిమిదిన్నర వేల రూపాయలకు పైగా, డీజిల్‌పై ఆరు వేల లోపు పడింది. టన్ను భారతీయ బొగ్గు నుంచి సుమారు ఒకటిన్నర టన్నుల కార్బన్ డయాక్సైడ్ వస్తుందనుకుంటే, అప్పటి 400 రూపాయల బొగ్గు సెస్సు టన్ను ఉద్గారానికి 270 రూపాయలు మించదు. రాష్ట్రాల వ్యాట్, బొగ్గుపై రాయల్టీ, జీఎస్టీ ఈ లెక్కలో లేవు. పెట్రోలు సుంకాన్ని కర్బనం పేరిట విధించనూ లేదు. అయినా ఈ అంతరం విస్మరించదగినది కాదు. దేశ విద్యుత్తులో దాదాపు నాలుగింట మూడు వంతులు బొగ్గు నుంచే వస్తోంది.

మరి చర్చ అంతా పెట్రోలు బంకు చుట్టూనే ఎందుకు తిరుగుతుంది? అక్కడ ధర బోర్డు మీద కనిపిస్తుంది. బొగ్గు ధర ఏ వినియోగదారుడి కంటా పడదు. కరెంటు బిల్లులో 'ఇంధన సర్దుబాటు'గా చేరుతుంది. యూనిట్‌కు సుమారు 0.65 కిలోల బొగ్గు కాలుతుందనుకుంటే, 400 రూపాయల సెస్సు అందులో పావు రూపాయి. ఆ పావలా ఏ పేరుతో వసూలైందో బిల్లు చెప్పలేదు.

4. బొగ్గు సెస్సు: మారిన పేర్లు

2010 జులైలో టన్నుకు 50 రూపాయలతో 'స్వచ్ఛ ఇంధన సెస్సు' మొదలైంది. కాలుష్యకారక ఇంధనం నుంచి వసూలు చేసి, స్వచ్ఛ ఇంధన పరిశోధనకూ వినూత్న ప్రాజెక్టులకూ జాతీయ నిధి ద్వారా ఇవ్వడం దాని ఆశయం. 2014లో 100, 2015లో 200, 2016లో 400 రూపాయలకు పెరిగిన ఈ సెస్సు, 2016లోనే 'స్వచ్ఛ పర్యావరణ సెస్సు' అయింది. 2017లో దాన్ని రద్దు చేసి, అంతే మొత్తాన్ని జీఎస్టీ పరిహార సెస్సుగా విధించారు. అప్పటివరకు వసూలైన సుమారు 86 వేల కోట్ల రూపాయల్లో నిధికి బదిలీ అయినది 30 వేల కోట్ల లోపే.

'పరిహారం' అన్న మాట ఇక్కడ గమనార్హం. తెలుగులో దానికి నష్టానికి చెల్లింపు అనే అర్థంతో పాటు దోష నివారణ అనే అర్థమూ ఉంది. పొగకు పరిహారంగా పుట్టిన సెస్సు, రాష్ట్రాల ఆదాయ నష్టానికి పరిహారంగా మారింది. 2025 సెప్టెంబరు 22 నుంచి అదీ తొలగి, బొగ్గుపై జీఎస్టీ 5 నుంచి 18 శాతమైంది. దీనితో టన్ను కొలమానం పోయి ధర కొలమానం వచ్చింది. తక్కువ ధర పలికే నాసిరకం బొగ్గుపై టన్నుకు పడే పన్ను తక్కువవుతుంది. పర్యావరణ దృష్టితో చూస్తే ఇది కీలకమైన మార్పు. దాన్ని చర్చించడానికి 'వడ్డన', 'ఊరట' అనే రెండు మాటలూ చాలవు.

5. చర్చలో లేని ఊళ్లు

తెలుగు నేలకు ఈ చర్చతో ఉన్న సంబంధం వినియోగంతో ముగియదు. 1889లో ఇల్లెందు ప్రాంతంలో తవ్వకాలు మొదలైన సింగరేణిలో నేడు తెలంగాణకు 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉంది. 'సిరుల సింగరేణి', 'నల్ల బంగారం' అన్న గర్వమూ, ఓపెన్ కాస్టు గనులను 'బొందలగడ్డ' అన్న ఆగ్రహమూ అక్కడి నుంచే వచ్చాయి. భూగర్భ గనులు మూతపడిన బెల్లంపల్లి వంటి పట్టణాల్లో బొగ్గు తరువాతి జీవితం ఇప్పటికే మొదలైంది. పన్ను చర్చ ఈ ఊళ్లను వినియోగదారులుగానే చూస్తుంది. వాతావరణ చర్చ వాటిని ఉద్గారాల మూలంగానే చూస్తుంది. బొగ్గు నుంచి తీసిన సొమ్ములో కొంత బొగ్గు ఊళ్ల మలి జీవనానికి దక్కాలన్న వాదన రెండు చర్చల్లోనూ బలంగా వినిపించలేదు.

6. ఉపసంహారం

ఇంధన పన్ను వాతావరణానికి మేలు చేస్తుందా అన్న ప్రశ్నకు పన్ను మొత్తం ఒక్కటే సమాధానం ఇవ్వదు. ఎంత కర్బనంపై ఎంత పన్ను, వసూలైనది ఎక్కడికి చేరింది, భారం ఎవరిపై ఎక్కువగా పడింది అనే మూడు ప్రశ్నలకూ కలిపి జవాబు రావాలి. బొగ్గు సెస్సు చరిత్రలో మొదటి ప్రశ్నను ఎవరూ గట్టిగా అడగలేదు. రెండవదానికి వచ్చిన జవాబు నిరాశ కలిగించింది. మూడవది 'బాదుడు' అన్న మాటలో ఉన్నా లెక్కగా మారలేదు. ఆశయం పేరిట మొదలైన పన్ను ఆశయాన్ని వదిలేస్తే, తరువాత వచ్చే న్యాయమైన పన్నును కూడా ప్రజలు నమ్మరు. 'ధరలు పెంచారు' అన్నంత స్పష్టంగా 'తాపం పెంచారు' అని కూడా తెలుగు చర్చ అనగలిగినప్పుడే ఆ రెండు వాక్యాల కర్తలను పక్కపక్కన నిలిపి ప్రశ్నించడం సాధ్యమవుతుంది.